బడి ఆవరణలో ఆవాసం

(సలీం అలీ జయంతి నాడు బాసరలో ఉపాధ్యాయుల సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఇవాళ నవంబర్ 12. 1896లో ఇదే రోజున బొంబాయిలో పుట్టిన సలీం అలీ, 1987లో కన్నుమూసేదాకా, ఈ దేశపు పక్షులను చూడడానికే బతికారు. ఆయన స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆ మాటలు బాసరలో మాట్లాడవలసి రావడం నాకు మరింత గౌరవం. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జ్ఞాన సరస్వతి సన్నిధిలో తొలి అక్షరం దిద్దించడానికి వచ్చే ఊరు ఇది. చదువు ఎక్కడ మొదలు కావాలి, దేనితో మొదలు కావాలి అని నలుగురం కలిసి ఆలోచించడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తెలియదు.

నేను మీ ముందు పెట్టదలచుకున్న మాట ఒక్కటే. అడవి జంతువును పిల్లలకు చూపించడం ఒక పని. ఆ జంతువు ఎందుకు అక్కడే బతుకుతుందో, ఇంకోచోట ఎందుకు బతకలేదో వాళ్ళకు అర్థమయ్యేలా చేయడం వేరే పని. మొదటిది ఒక్క రోజులో అయిపోతుంది. బస్సు మాట్లాడుకుని కవ్వాల్ అడవికి పోయి, అదృష్టం ఉంటే దుప్పులను చూసి, చీకటి పడేలోగా ఇంటికి చేరవచ్చు. రెండోది ఒక్క రోజులో కాదు. దానికి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూడగలిగిన ఒకే చోటు కావాలి. ఆ చోటులో ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పే హక్కు ఎంతో కొంత పిల్లలకు ఉండాలి. పల్లెటూరి పిల్లవాడికి ఈ రెండూ కలిసి దొరికేది అడవిలో కాదు, తన బడి ఆవరణలో. అందువల్ల వన్యప్రాణుల ఆవాసం గురించి నేర్పే పాఠం బడి గోడల లోపలి జాగాలోనే మొదలు కావాలని నేను నమ్ముతున్నాను. అలా మొదలు కాని పాఠం తర్వాత ఎంత దూరం తీసుకెళ్ళినా నిలవదని కూడా నమ్ముతున్నాను.

సలీం అలీ జీవితమే దీనికి మొదటి సాక్ష్యం. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆయనను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. పదేళ్ళ ప్రాయంలో ఒకనాడు తుపాకీతో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట అని మేనమామను అడిగాడు పిల్లవాడు. మేనమామకు తెలియలేదు. అయినా ప్రశ్నను అక్కడితో తోసివేయకుండా, ఆ పిల్లవాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలార్డ్ దగ్గరకు పంపారు. మిలార్డ్ ఆ పిట్ట ఏదో చెప్పారు. అంతటితో ఆగక, అరల్లో భద్రపరచిన పక్షుల నమూనాలను ఒక్కొక్కటే తీసి చూపించారు. ఈ కథ చెప్పేటప్పుడు అందరం పిల్లవాడి కుతూహలాన్ని మెచ్చుకుంటాం. కుతూహలం ప్రతి పిల్లకూ ఉంటుంది. నా మనసు ఆ ఇద్దరు పెద్దల దగ్గర ఆగుతుంది. ఒకరు తెలియదని ఒప్పుకున్నారు, మరొకరు తెలిసినదంతా విప్పి చూపించారు. ఉపాధ్యాయుడికి ఈ రెండు గుణాలూ కావాలి.

అంతగా ప్రచారంలో లేని మరో ఘట్టం 1930 నాటిది. బెర్లిన్‌లో పక్షిశాస్త్రవేత్త స్ట్రెస్‌మాన్ దగ్గర శిక్షణ పొంది తిరిగి వచ్చేసరికి, బొంబాయి మ్యూజియంలో ఆయన చేస్తున్న ఉద్యోగం నిధుల కొరతతో పోయింది. పెద్ద పట్టా చేతిలో లేకపోవడంతో మరోచోట కొలువు దొరకలేదు. భార్య తెహ్‌మినాతో కలిసి అలీబాగ్ దగ్గరి కిహీం అనే సముద్రతీర గ్రామంలో కాపురం పెట్టారు. ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకున్నాయి. వేరే పని లేక ఆ గూళ్ళనే నెలల తరబడి గమనించారు. మగ గిజిగాడు గూటిని సగం దాకా అల్లి ఆపుతుంది. ఆడ పిట్టలు వచ్చి, గూడు లోపలికి దూరి పరీక్షిస్తాయి. నచ్చితే ఒకటి అక్కడ స్థిరపడుతుంది. అప్పుడు మగది ఆ గూటిని పూర్తిచేసి, ఆడది గుడ్లు పొదుగుతుండగా మరో గూడు మొదలుపెడుతుంది, మరో తోడు కోసం. తరతరాలుగా మనుషుల కళ్ళ ముందే జరుగుతున్న ఈ వ్యవహారాన్ని శాస్త్రం ఎరిగింది ఒక నిరుద్యోగి ఇంటి ఆవరణలో. సలీం అలీకి పేరు తెచ్చిన తొలి పరిశోధన అదే. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆయన చేసిన ప్రాంతీయ సర్వేల పరంపరకు నాంది అది. అప్పుడు మన ముథోల్ తాలూకా ఆ సంస్థానంలో నాందేడ్ జిల్లా కింద ఉండేది. 1956లో ఆదిలాబాద్ జిల్లాలోకి, 2016లో నిర్మల్ జిల్లాలోకి వచ్చింది.

ఇక మన గిజిగాడి దగ్గరకు వద్దాం. వ్యవసాయ బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత మట్టలకు వేలాడే గూళ్ళను చూడని పిల్లవాడు ఈ ప్రాంతంలో ఉండడు. ఆ గూడు అక్కడే ఎందుకుంది అని అడగండి. నీటి మీద వంగిన ముళ్ళ కొమ్మ అయితే పాము, పిల్లి చేరడం కష్టం. గూడు అల్లడానికి పొడవాటి పచ్చి పోచలు కావాలి. అవి వానలు పడి గడ్డి ఎదిగి, వరి నాట్లు పడ్డాకనే దొరుకుతాయి. పెద్ద పిట్టలు గింజలు తిని బతకగలవు గాని, పిల్లలకు పురుగులు పెట్టాలి. కాబట్టి పురుగులు ఉండే జాగా దగ్గరలోనే కావాలి. తుమ్మ కొట్టేసినా, బావి పూడ్చినా, గట్ల మీద గడ్డిమందు చల్లినా, ఈ గొలుసులో ఒక కొక్కెం ఊడుతుంది. ఆహారం, నీరు, రక్షణ, పిల్లలను సాకే చోటు, ఇవన్నీ ఒకదానికొకటి అందుబాటులో ఉండడమే ఆవాసం. గిజిగాడు గూడు కట్టే కాలమంతా, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మన బడులు నడుస్తూనే ఉంటాయి. ఈ పాఠానికి సెలవుల అడ్డం కూడా లేదు.

బాసర ప్రాంతానికి మరో విశేషం ఉంది. 1963 జులై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం వెనుక నీళ్ళు మన ఊరి దాకా వస్తాయి. ఆ ప్రాజెక్టు కట్టింది పొలాలకు నీరివ్వడానికి. కాని నీటి మట్టం తగ్గే కాలంలో బయటపడే ఒండ్రు నేల మీద పచ్చిక మొలుస్తుంది. ఆ పచ్చికలో కృష్ణజింకల మందలు తిరగడం ఒడ్డు గ్రామాల రైతులు ఎరిగిన సంగతే. చలికాలంలో దూరదేశపు నీటి పక్షులు వాలేదీ ఆ లోతులేని నీళ్ళలోనే. అంటే మనుషులు వేరే అవసరానికి తీసుకున్న ఒక నిర్ణయం, ఒక ఆవాసాన్ని ముంచి, మరో ఆవాసాన్ని పుట్టించింది. నిర్వాసితులైన మనుషుల కష్టం దీనివల్ల చిన్నదైపోదు. నేను చెప్పదలచినది ఇంతే: ఆవాసాలు అటవీశాఖ పటంలో గీసిన గీతల లోపల మాత్రమే ఉండవు. మనం నేలతో చేసే ప్రతి పనీ ఎవరికో చోటు ఇస్తుంది, ఎవరికో చోటు తీసేస్తుంది. విశాలమైన జలాశయపు ఒడ్డుకు వర్తించే ఈ నియమం రెండెకరాల బడి ఆవరణకూ వర్తిస్తుంది. అక్కడైతే ఆ మార్పు పిల్లల కంటికి ఆనుతుంది.

బడి పరిసరాల నుంచే పాఠం మొదలు కావాలన్న ఆలోచన నేటిది కాదు. అమెరికాలో 1890లలో వ్యవసాయం దెబ్బతిని జనం పల్లెలు విడిచిపోతున్నప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పల్లె బడుల్లో ప్రకృతి పరిశీలనను ప్రోత్సహించింది. అక్కడ పనిచేసిన ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ఉపాధ్యాయుల కోసం 1911లో వెలువరించిన పెద్ద పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది. బడి గుమ్మం బయట దొరికే మొక్కా పురుగూ పిట్టా అందులో పాఠాలు. మన దేశంలో రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టారు. 1937 అక్టోబర్‌లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని ఆధారంగా చదువును ప్రతిపాదించారు. ఆ రెండు ప్రయోగాలనూ మనం గౌరవంగా తలచుకుంటాం, పాఠ్యప్రణాళికల పీఠికల్లో రాసుకుంటాం, తరగతి గదిలోకి మాత్రం రానివ్వలేదు.

మన సొంత ఉత్తర తెలంగాణలో జరిగిన ప్రయోగం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం బలిదానం తర్వాత, ఆదివాసుల అసంతృప్తికి కారణాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి. పిల్లలకు తెలిసిన ప్రపంచం నుంచి, వాళ్ళ మాటల్లో, వాళ్ళలోంచే వచ్చిన పంతులు చెప్పే చదువు అది. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, తునికి పండు ఏ జంతువుకు ఇష్టమో తెలిసిన పిల్ల, ఆశ్రమ పాఠశాలలో చేరిన మరునాటి నుంచి ఏమీ తెలియని పిల్ల ఎందుకవుతుంది? మార్లవాయి ప్రయోగం ఎనభై ఏళ్ళ కిందటే ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. మనం దాన్ని కొనసాగించలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

స్థానిక జ్ఞానం విలువ ఎంతో తెలియడానికి కలివికోడి కథ చాలు. 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఈ పిట్ట, 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిపోయిందని తేల్చేశారు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల్లో అది మళ్ళీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్. దాన్ని పట్టి చూపించినవాడు ఒక స్థానిక వేటగాడు. శాస్త్రం లేదని తేల్చిన పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఆ నేల మనుషులకు తెలుసు. బడి కూడా ఆ మనుషులను అడగడం నేర్చుకోవాలి.

కడప ఉన్న రాయలసీమలోనే, మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తి 1926లో స్థలం ఎంచుకున్న రిషీవ్యాలీ పాఠశాల ఉంది. కరువు సీమ అది. చుట్టూ కొండలు బోడిగా ఉండేవి. పశువుల మేతను అదుపు చేసి, వాన నీటిని నిలిపి, చెట్లు పెంచుతూ వచ్చారు. పిట్టలు తిరిగి రావడం పిల్లలు, ఉపాధ్యాయులు కళ్ళారా చూసి, లెక్క రాసుకున్నారు. 1991లో ఆ ప్రాంగణం పక్షుల రక్షిత ప్రాంతం అయింది. ఇతర చోట్ల వాళ్ళకు పక్షి పరిశీలన నేర్పే కోర్సు కూడా అక్కడి నుంచి నడిచింది. రిషీవ్యాలీకి ఉన్న భూమి, వనరులు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు లేవని మీరు అంటారు. నిజమే. కాని అక్కడ అసలు పని చేసింది డబ్బు కాదు, దశాబ్దాల పాటు అదే నేలను వదలకుండా చూడడం. ఆ పని మన బడికీ సాధ్యమే.

చట్టం వైపు నుంచి లోటేమీ లేదు. 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చింది. 1976 రాజ్యాంగ సవరణ, ప్రాణుల పట్ల దయను, అడవుల రక్షణను పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. అమలు కాలేదని గమనించి 2003లో మళ్ళీ ఆదేశించింది. బడుల్లో హరిత దళాలు ఏర్పడ్డాయి, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు మెరుగుపడ్డాయి. అయినా ఫలితం ఎలా ఉందో మీ అందరికీ తెలుసు. పర్యావరణం మార్కుల కోసం రాసే ఒక ప్రాజెక్టు అయింది. పిల్లలు స్టేషనరీ దుకాణంలో జంతువుల బొమ్మల చార్టు కొని, కత్తిరించి, అతికించి ఇస్తారు. మనం సంతకం పెడతాం. ఆ చార్టులోని ఖడ్గమృగం గురించి నాలుగు వాక్యాలు అప్పజెప్పే అబ్బాయికి, బడి వరండా మూలలో మట్టిగూడు కట్టిన కందిరీగ ఆ గూటిలో ఏం దాచిందో తెలియదు. అది గొంగళిపురుగులను కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లకు తిండిగా లోపల పెట్టి మూసేస్తుంది. ఈ నాటకం మన నెత్తి మీదే జరుగుతోంది. మనం పొరకతో దాన్ని దులిపేస్తున్నాం.

ఆ ఆవరణలో ఏముందో ఇప్పుడు కొంచెం తీరిగ్గా చూద్దాం. జూన్‌లో బడులు తెరిచే నాటికి మృగశిర ప్రవేశించి ఉంటుంది. తొలి వానలకు, ఆరుద్ర కార్తె దగ్గరపడుతుండగా, ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వస్తాయి. పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టుకుంటారు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి అని వాళ్ళను అడగండి. ఏడాదిలో ఎక్కువ కాలం భూమి లోపలే గడిపి, వాన తడికి తిండి కోసం, జత కోసం పైకి వస్తాయి. ఆ తడికే చెదల పుట్టల నుంచి లేచే ఉసిళ్ళే ఆ తిండి. పిన్న వయసులో ఆరుద్ర పురుగులు మిడతల వంటి వాటిని పట్టుకుని బతుకుతాయి. జేసీబీ పెట్టి నేలను గీకి చదును చేసిన బడిలో, గట్టిగా రోలర్ తొక్కించిన మైదానంలో వీటికి చోటు తగ్గిపోతుంది. పక్క చేను గట్టు మీద ఆరుద్ర పురుగులు ఎన్ని, మన మైదానంలో ఎన్ని అని ఒక్క పూట లెక్కపెట్టమనండి. నేల కూడా ఒక ఇల్లేనని ఆ లెక్కే చెబుతుంది.

మధ్యాహ్న భోజనం వండే చోట ఒక కరివేపాకు మొక్క ఉంటుంది. దాని లేత ఆకుల మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పుట్టిన గొంగళిపురుగు మొదట పిట్ట రెట్టలా కనిపిస్తుంది, కాకి దాన్ని ముట్టదు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. ప్రహరీ పక్కన జిల్లేడు ఉంటే దాని మీద మరో జాతి పెరుగుతుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో నింపుకుని, దాచుకోనవసరం లేకుండా రంగురంగులుగా తిరుగుతుంది. ఒకటి దాగి బతుకుతుంది, మరొకటి హెచ్చరించి బతుకుతుంది. జిల్లేడును పిచ్చిమొక్క అని పీకిన రోజున ఈ రెండో పాఠం బడిలోంచి వెళ్ళిపోతుంది. పూలమొక్కలు నాటితే సీతాకోకలు వస్తాయని అందరం అనుకుంటాం. తేనె తాగడానికి వస్తాయి, నిజమే. కాని గుడ్డు పెట్టే మొక్క లేని తోట వాటికి దారిలో తగిలే మజిలీ మాత్రమే.

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. 2014లో జమ్మి, తంగేడు, జింకలతో పాటు దానికి ఆ గౌరవం దక్కింది. దసరా నాడు దాన్ని చూడడం శుభమని ఊరి బయటకు నడిచి వెళతాం. కొన్నిచోట్ల దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బు తీసుకుంటున్నారు. ఇది చట్టానికీ, పండుగకూ విరుద్ధం. పాలపిట్ట తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూర్చుని, నేల మీద కదిలే మిడతనో పేడపురుగునో చూసి దిగుతుంది. మోడుబారిన చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. దానికి మిడతలుండే గడ్డి కావాలి, తొర్ర పడ్డ ముసలి చెట్టు కావాలి. బడి గోడ మీద దాని బొమ్మ గీయించిన చేతులతోనే ఆ గడ్డినీ ఆ చెట్టునూ తీసేయడం సరి కాదు. తీతువు పిట్ట సంగతి ఇంకా విచిత్రం. వేసవి సెలవుల్లో నిర్మానుష్యంగా ఉన్న ఆటమైదానంలో, ఉత్త నేల మీద, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. పక్కన నిలబడినా అవి కనిపించవు. దాని అరుపు అపశకునమని పెద్దలు భయపెడతారు. గుడ్ల దగ్గరకు వచ్చిన వాళ్ళను తరమడానికి తల్లీతండ్రీ పడే ఆరాటం అది అని తెలిసిన పిల్లకు ఆ భయం ఉండదు.

ఇంతవరకు చెప్పిన దానికి ఎదురుగా నిలిచే అభ్యంతరాల్లో ఒకటి నిజంగా బరువైనది. గడ్డి పెరిగితే పాములు, తేళ్ళు వస్తాయి. పిల్లలకు ఏదైనా జరిగితే తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పాలి? ఈ ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర అన్నీ ఉన్నాయి. భయం సరైనదే. అందుకే ఆవరణ అంతా వదిలేయమని నేను అనడం లేదు. తరగతి గదులకు, మరుగుదొడ్లకు, నడిచే దారులకు దూరంగా, ప్రహరీ మూలన ఒక జాగా ఎంచుకోవాలి. చుట్టూ కంప వేయాలి. దాని అంచున రెండు మీటర్ల మేర శుభ్రంగా ఉంచాలి. పిల్లలు లోపలికి పోరు, అంచున నిలబడి చూస్తారు, అదీ టీచరు తోడుండగా. కలుగులో చేయి పెట్టకూడదని, పాము కనిపిస్తే కదలకుండా నిలబడి వెనక్కి తగ్గాలని, కరిస్తే మంత్రగాడి దగ్గరకు కాక ఆసుపత్రికే పోవాలని అక్కడే నేర్పవచ్చు. పొలం పనికి పోయే తల్లిదండ్రుల పిల్లలకు ఈ చదువు ప్రాణం కాపాడే చదువు.

నాటే మొక్కల విషయంలో కూడా ఒక మాట. 2015లో మొదలైన హరితహారం వల్ల బడుల్లో మొక్కలు నాటడం అలవాటైంది. అది మంచి అలవాటు. అయితే త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ వరుసలు పెట్టాం. మన పిట్టలకూ పురుగులకూ దాని వల్ల కలిగే ఆసరా స్వల్పం. దాన్ని ఇక నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. వేప, కానుగ, మేడి, రేల, జమ్మి, తంగేడు మన నేలవి. పండిన మేడిచెట్టు ఒక్కటి ఉంటే చిలుకలు, గోరువంకలు, కోకిలలు, రాత్రిపూట గబ్బిలాలు పిలవకుండానే వస్తాయి. కొన్ని బడుల్లో ఎవరూ నాటని వేప మొలకలు గోడ పక్కన కనిపిస్తాయి. నాటినవి పిట్టలే. వాటిని పీకే ముందు ఒకసారి ఆలోచించాలి. బోరింగు దగ్గర ఒలికిన నీళ్ళు పారే చోట చిన్న తడి నేలను ఉండనిస్తే, సీతాకోకలు ఆ బురదలోని ఉప్పు కోసం గుంపుగా వాలతాయి. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి తోక ఆడిస్తూ తిరిగే చిన్న పిట్టలు అక్కడికే చేరతాయి. నీళ్ళు నిలిస్తే దోమలు రాకుండా వారానికొకసారి ఆ గుంట ఎండనివ్వాలి. దీనికి ఖర్చు లేదు.

మిగిలింది కొనసాగింపు సమస్య. ఆసక్తి ఉన్న ఒక టీచరు మూడేళ్ళు కష్టపడి ఏదో నిలబెడతారు. బదిలీ అవుతారు. వచ్చే ఏడాది ఆ మూల మళ్ళీ చదును అవుతుంది. కేరళలో ఎక్కువగా బడిపిల్లలే చేస్తున్న సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఇక్కడ దారి చూపుతుంది. 2010లో మొదలైన ఆ కార్యక్రమంలో ఒక్కో పిల్లవాడు ఒక చెట్టును ఎంచుకుని, దాని చిగురు, పూత, కాయ ఎప్పుడు వస్తున్నాయో రాస్తూ పోతాడు. మనం బడికొక రిజిస్టరు పెట్టుకుందాం. హాజరుపట్టీలాగే అది బడి ఆస్తిగా ఉండాలి, టీచరు సొంత పుస్తకంగా కాదు. మొదటి పుటలో ఆవరణ పటం, పిల్లలే గీసినది. తర్వాత తేదీలు: ఈ ఏడు వేప పూసింది ఎప్పుడు, ఆరుద్ర పురుగు కనిపించింది ఎప్పుడు, తీతువు గుడ్లు పెట్టింది ఎక్కడ, కరివేపాకు మీద గొంగళిపురుగు ఏ వారంలో, దసరాకు పాలపిట్ట కనిపించిందా లేదా. పిల్లలు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాయనివ్వండి, తెలుగులోనో మరాఠీలోనో గోండీలోనో. ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి దాటేసరికి తన బడి నేల గురించి పదేళ్ళ రికార్డు ఉంటుంది. ఆ పదేళ్ళలో వానలు ఎలా జరిగాయో, పూత ముందుకు వచ్చిందో వెనక్కి పోయిందో ఆ రిజిస్టరు చెబుతుంది. అటువంటి లెక్క ఇవాళ మన మండలంలో ఎవరి దగ్గరా లేదు.

చివరగా ఒక ఆచరణ గురించి అడుగుతున్నాను. ప్రతి ఏడూ ఆగస్టు 15కు ముందు బడి ఆవరణలో గడ్డి కోయిస్తాం. జెండా పండుగకు శుభ్రంగా ఉండాలి కాబట్టి. సరిగ్గా ఆ రోజుల్లోనే గడ్డి కంకి వేస్తుంది, గిజిగాడు పోచలు చీల్చుకుంటుంది, మిడతలు పెరుగుతాయి. జెండా గద్దె చుట్టూ, పిల్లలు వరుసల్లో నిలబడే మైదానం అంతా కోయించండి. కోసే మనిషి ప్రహరీ మూల దాకా వచ్చినప్పుడు మాత్రం, ఎక్కడ ఆగాలో అతనికి చెప్పేది ఏడో తరగతి పిల్లలు కావాలి, వాళ్ళు గీసిన పటం చేతిలో పట్టుకుని. వచ్చే ఆగస్టుకు ఇంకా తొమ్మిది నెలలుంది. ఆ పటం గీయడానికి ఈ చలికాలం చాలు. ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులు ఈ వారంలోనే పిల్లలను బయటకు తీసుకువెళ్ళి ఆ పని మొదలుపెట్టాలని మనవి చేస్తున్నాను.